మీడియం రేర్ మేధావి

హైటెక్ సిటీలో పనిచేసే వాళ్ళలో ఒక జాతి ఉంది. అమెరికాలో కొన్నేళ్ళుండి తిరిగొచ్చి, ఏది కనపడ్డా "అక్కడైతేనా..." అని మొదలుపెట్టే జాతి. రోడ్డు చూసినా అదే మాట, పాల ప్యాకెట్ చూసినా అదే మాట. చాలామంది కొన్నాళ్ళకి సర్దుకుంటారు. నాది ముదిరిన కేసు. రోడ్లనీ, పాలనీ వదిలేసి నేను స్టేకును పట్టుకున్నాను. డాలస్‌లో స్టేకు తిన్న నోటికి హైదరాబాద్‌లో ఏముందయ్యా అన్నది నా సిద్ధాంతం. రాయదుర్గం నుంచి నానక్‌రాంగూడ దాకా ఉన్న ఫుడ్‌కోర్టుల్లో, ఎవరూ అడక్కుండానే, ఏళ్ళ తరబడి దాన్ని ప్రచారం చేశాను. అప్పుడు విన్నవాళ్ళు ఇప్పుడు లిఫ్టులో ఎదురైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

ముందు నా అర్హతలేమిటో చెప్పాలి. నేను స్టేకు తినడం నేర్చుకున్నది టెక్సస్ రోడ్‌హౌస్‌లో. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉండే మా తెలుగు పిల్లలు చాలామందికి అదే మొదటి బడి. గోడల మీద కొమ్ములు, కౌబాయ్ టోపీలు, అడక్కుండానే బల్ల మీదికొచ్చే వేడి బన్నులు, దాల్చినచెక్క కలిపిన వెన్న. టెక్సస్ నడిబొడ్డున కూర్చుని అసలు సిసలు టెక్సస్ తిండి తింటున్నానని ఉప్పొంగిపోయాను. ఆ చెయిన్ 1993లో పుట్టింది టెక్సస్‌లో కాదు, ఇండియానా రాష్ట్రంలో, క్లార్క్స్‌విల్ అనే ఊళ్ళో. ఆస్ట్రేలియా రుచి అని నేను మురిసిపోయిన అవుట్‌బ్యాక్ 1988లో ఫ్లోరిడాలో మొదలైంది. పెట్టినవాళ్ళు అప్పటికి ఆస్ట్రేలియా మొహం చూసినవాళ్ళు కారట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. తెలిసినా నా సిద్ధాంతం చెక్కుచెదరలేదు.

అక్కడ నేను తిన్న తీరు ఇంకా ఘోరం. మొదట్లో "వెల్ డన్" అనేవాణ్ణి. అంటే లోపల ఎరుపన్నది మిగలకుండా కాల్చి తెమ్మని. తెచ్చాక దాని మీద ఏ-వన్ సాసు, దాని మీద టబాస్కో. మా రూమ్మేటు బ్యాగులో ఆవకాయ సీసా ఉండేది. దాన్ని బల్ల కింద తిప్పుకునేవాళ్ళం. ఒకరోజు ఆఫీసు లంచ్‌లో మా బాసు, పక్కా టెక్సస్ మనిషి, నా ప్లేటు కేసి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను చంపేసింది.

ఆ రాత్రి నుంచి పండితుణ్ణయిపోయాను. అమెరికా వ్యవసాయ శాఖ మాంసానికిచ్చే ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ గ్రేడ్లు బట్టీపట్టాను. రిబ్‌ఐకీ స్ట్రిప్‌కీ తేడా, చల్లటి గదిలో మూడు నాలుగు వారాలు వేలాడదీసే డ్రై ఏజింగ్, మీడియం రేర్ అంటే లోపల 55 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ. పైన గోధుమరంగు పట్టు ఎందుకొస్తుందో 1912లో చెప్పిన మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి సంగతి. ప్లేట్లో కారే ఎర్రనీళ్ళు రక్తం కాదనీ, మయోగ్లోబిన్ కలిసిన నీరనీ మా తోడల్లుడి గృహప్రవేశంలో, పంక్తిలో సాంబారు వడ్డిస్తుండగా వివరించాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ "ఏం తిన్నవురా" అంటే మాత్రం "చికెన్" అనేవాణ్ణి. అమ్మానాన్నలు డాలస్ వచ్చినప్పుడు ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి తీసుకెళ్ళాను. అక్కడ రోజుకి రెండుసార్లు లాంగ్‌హార్న్ ఎడ్లని వీధి మీద నడిపిస్తారు. బారెడు కొమ్ములు, నింపాది నడక. నాన్న చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. పక్కనే, 1947 నుంచి ఉన్న క్యాటిల్‌మెన్స్ స్టేక్‌హౌస్ బోర్డు కనపడకుండా అడ్డంగా నిలబడి ఫోటో తీశాను. అంతకు ముందు వారమే అందులో తిన్నాను.

తిరిగొచ్చి కొండాపూర్‌లో ఫ్లాటు కొన్నాక అసలు కథ మొదలైంది. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా తెరిచారు, దేశంలో మొదటిది. జనం తోసుకుంటున్నారు. సోఫాలకంటే ముందు వెయ్యి సీట్ల హోటలు నిండింది. మేమూ వరసలో నిలబడ్డాం. స్వీడిష్ మీట్‌బాల్స్ ఇక్కడ చికెన్‌తోనూ, కూరగాయలతోనూ చేస్తారని బోర్డు చూసి నేను ఉపన్యాసం అందుకున్నాను. అసలు మీట్‌బాల్ అంటే ఏమిటి, బీఫూ పంది మాంసమూ ఏ పాళ్ళలో కలపాలి, ఈ దేశం ఎప్పుడు బాగుపడుతుంది. నా ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగి, "బాబూ, మీది అయిపోతే ట్రే ఇటిస్తారా, బిర్యానీ కౌంటరు అటుంది" అంది.

అలాంటి నా దగ్గరికి ఆ టెక్సస్ బాసే వచ్చాడు, మైండ్‌స్పేస్‌లో మా టీముని చూసిపోవడానికి. నా పరువు కడుక్కోవడానికి ఇంతకంటే అదను దొరకదు. మాదాపూర్ లోపలి రోడ్డులో కొమ్ముల బొమ్మ బోర్డు పెట్టిన ఒక హోటలుకి తీసుకెళ్ళాను. పేరు చెప్పను, తప్పు వాళ్ళది కాదు. మెనూలో "టెండర్‌లాయిన్ స్టేక్" అని ఉంది. వడ్డించే కుర్రాడు అస్సాం నుంచి వచ్చినవాడు. నేను మీడియం రేర్ అనగానే పెన్ను ఆపి, "సర్, వెల్ డన్ లే లీజియే, అచ్ఛా రహేగా" అన్నాడు. వాడి కేసి ఎలా చూశానంటే, ఒకప్పుడు బాసు నా ప్లేటు కేసి చూసినట్టే చూశాను. బాసు మెనూ అటూ ఇటూ తిప్పి, ఆఖరి పేజీలో పత్థర్ కా గోష్త్ చూపించి ఇదేంటని కుర్రాణ్ణే అడిగి అదే చెప్పాడు. స్టేక్‌హౌస్‌కొచ్చి కబాబు అడుగుతాడేంటని నాలో నేను జాలిపడ్డాను.

స్టేకు వచ్చింది. పైన గీతలు బ్రహ్మాండంగా పడ్డాయి. మధ్యలోకి కత్తి దించాను. దిగలేదు, పక్కకి జారింది. మళ్ళీ నొక్కాను. ముక్క తెగలేదుగానీ ప్లేటు రెండంగుళాలు బాసు వైపు జరిగింది. ఎడమచేత్తో ప్లేటు అంచు పట్టుకుని, మోచేయి ఎత్తి కోస్తే ఎట్టకేలకు ఒక మూల ఊడొచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. మొదట ఉప్పు, మిరియాలు, వెన్న, బాగానే ఉంది. కాసేపటికి అవి పోయాయి, ముక్క మాత్రం ఉంది. కుడి దవడ అలసిపోతే ఎడమకి మార్చాను. బాసు "ఎలా ఉంది?" అన్నాడు. మాట్లాడే వీలు లేదు. బొటనవేలు పైకెత్తాను. ఆయన ముందు రాతిముక్క మీద సన్నటి మాంసం చుయ్‌మంటోంది, ఆయన ఫోర్కుతో గుచ్చకుండా చేత్తో తింటున్నాడు, కళ్ళు మూసుకుంటున్నాడు. నా ముక్క కొంతసేపటికి ఇంకాస్త పెద్దదయినట్టనిపించింది. దగ్గొచ్చినట్టు నటించి నాప్‌కిన్‌లోకి దింపేశాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. వంటాయన్ని పిలవమన్నాను. తెల్ల టోపీ ఎవరైనా వస్తారనుకుంటే, మెహందీ పెట్టిన గడ్డంతో ఒక పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మీడియం రేర్ అంటే ఇలానా?" అన్నాను.

"పచ్చిగ ఎందుకడిగిండ్రు సాబ్?" అన్నాడు. "పిలగాడు చెప్పిండు గద. ఇది పాలు ఉడిగిన బర్రెది. అండర్‌కట్టే, కాదంటలేను. గని దాన్ని నానబెట్టాలె, దంచాలె, సన్నమంట మీద గంటలు గంటలు ఉంచాలె. మూడు నిమిషాలల్ల దించితె చెప్పు తోలే అయితది." తర్వాత బాసు ముందున్న రాతి కేసి చూపించి, "గది మేక. పొద్దుగాల కెల్లి బొప్పాయిల నానింది" అని నవ్వాడు.

బాసు ఏమన్నాడని అడిగాడు. అనువదించాలి. నేను అనువదించినదేమిటంటే, ఈయన మీకు నచ్చినందుకు సంతోషిస్తున్నాడు అని.

ఆ రాత్రి ఇంటికొచ్చాక, అమెరికా ఆవు గురించి అన్ని పుస్తకాలు తిరగేసినవాణ్ణి, మన బర్రె గురించి మొదటిసారి చదివాను. ఇక్కడ 1977 నాటి చట్టం ఉంది, ఆవుని కోయకూడదు. ఎద్దునీ, గేదెనీ కోయాలన్నా అది ఇక దున్నడానికీ, పాలకీ, ఈతకీ పనికిరాదని సర్టిఫికెట్ ఉండాలి. అంటే హైదరాబాద్‌లో ఆ మాంసం వచ్చేదే చాకిరీ అంతా చేసి, వయసు మళ్ళిన పశువు నుంచి. వయసు ముదిరేకొద్దీ కండని పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులు గట్టిపడతాయి. అవి మెత్తబడి జిగురు కావాలంటే నిదానపు వేడి కావాలి, గంటలు కావాలి. డాలస్‌లో నా ప్లేట్లోకొచ్చే ఎద్దు వయసు రెండేళ్ళు కూడా దాటదు. నాగలి ఎరగదు. చివరి ఆర్నెల్లూ టెక్సస్ ఉత్తరాన అమరిల్లో వైపు ఫీడ్‌లాట్లలో మక్కజొన్న తిని కూర్చుంటుంది; కండలోపల కొవ్వు సన్నటి తెల్లగీతలై పేరుకుంటుంది. దాన్ని మూడు నిమిషాల్లో దించొచ్చు. ఆ మూడు నిమిషాలు వంటవాడి గొప్పతనమనుకున్నాను ఇన్నాళ్ళూ.

బయటినుంచి తెప్పించుకోవచ్చుగా అంటే, బీఫ్ దిగుమతి మన దేశంలో నిషేధం. ఏ స్టార్ హోటలు కూడా అమెరికా రిబ్‌ఐ తెచ్చి పెట్టలేదు. విచిత్రమేమంటే గేదె మాంసం ఎగుమతిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం, ఆ ఎగుమతి కబేళాల్లో పేరుమోసినదొకటి మా ఇంటి నుంచి ముంబై హైవే మీద పోతే వచ్చే రుద్రారంలోనే ఉంది. లేనిదల్లా నాకు కావలసిన ముక్క. గొర్రె మాత్రం రావచ్చు. ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరు చివర్లో అమల్లోకొచ్చి గొర్రె మాంసం మీద 30 శాతం సుంకం ఎత్తేశారు. అయినా ఆస్ట్రేలియా దాకా ఎందుకు? 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1 కోటి 90 లక్షల పైచిలుకు గొర్రెలున్నాయి, దేశంలోనే మొదటి స్థానం. మాంసం మీద పరిశోధించే జాతీయ సంస్థ కూడా ఈ ఊళ్ళోనే, చెంగిచెర్లలో ఉంది. ఆదివారం పొద్దున మటన్ షాపు ముందు క్యూ చూస్తే, ఈ ఊరికి మాంసం గురించి నేను చెప్పాల్సిందేమీ లేదని ఎవడికైనా అర్థమవుతుంది. నాకు కాలేదు.

ఇక్కడి వంటలన్నీ ఆ పెద్దాయన చెప్పిన ఒక్క మాట చుట్టూ తిరిగేవే. రాత్రంతా పొయ్యి మీదుండే నిహారీ, గోధుమలతో కలిపి గుజ్జయ్యేదాకా మెదిపే హలీం, పచ్చి బొప్పాయి పట్టించి రాతి మీద కాల్చే గోష్త్. ఆ రాయి నల్లరాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచే నాటికి ఈ చుట్టుపక్కలంతా ఆ గుండ్లే. వాటిని పేల్చి మేము కూర్చునే టవర్లు కట్టారు. మిగిలిన పలకల మీద ఊరు వండుకుంటోంది.

ఇక మంది అనే వంటకం. నిజాం కొలువులో చేరిన హద్రమౌత్ అరబ్బుల వారసులు బార్కస్‌లో ఉన్నారు. అక్కడ పేరుబడ్డ మంది ఇప్పుడు టోలిచౌకి దాటి గచ్చిబౌలి, కొండాపూర్ దాకా వచ్చింది. శుక్రవారం రాత్రి షిఫ్టు దిగిన టెస్టింగ్ టీము మొత్తం బూట్లు విప్పి, ఒకే పళ్ళెం చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. మధ్యలో అన్నం గుట్ట, దాని మీద తొడముక్క. ఫ్రెషరూ, మేనేజరూ ఒకే గుట్టని రెండు వైపుల నుంచి తవ్వుతుంటారు. డాలస్ పెద్ద స్టేక్‌హౌస్‌లో ఎవరి ప్లేటు వారిదే. దీపాలు డిమ్ముగా ఉంటాయి. కాల్చిన బంగాళాదుంప కూడా విడిగా కొనుక్కోవాలి. ఆ బిల్లు మీద 8.25 శాతం పన్ను, ఆపైన 20 శాతం టిప్పు. అక్కడ ఉన్నన్నాళ్ళూ టిప్పుని రూపాయల్లోకి మార్చి చూసుకుని, చూసుకున్నందుకు నన్ను నేనే చిన్నబుచ్చుకునేవాణ్ణి. మాంసం బాగుండేది, కాదనను. నిజాయితీగా చెప్పాలంటే మంచి రిబ్‌ఐకి సాటి వచ్చేది ఇక్కడ లేదు. దానికి హైదరాబాద్ ఏం చేస్తుంది?

అసలు స్టేకు ఈ ఊరికి నేను తెచ్చిందీ కాదు. 1806లో కంటోన్మెంటుగా వెలిసిన సికింద్రాబాద్ ఉంది. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ ఇళ్ళున్నాయి. అండర్‌కట్‌కి మిరియాలు దట్టించి, సుత్తితో కొట్టి, మెల్లగా మగ్గించిన పెప్పర్ స్టేకు ఆ వంటిళ్ళలో తరాలుగా ఉన్నదే. నాకు తెలిసిన సికింద్రాబాద్ పారడైజ్ చౌరస్తా దగ్గర ఆగిపోయింది.

ఇంతవరకూ చెప్పింది నవ్వుకునే మూర్ఖత్వం. ఇంకోటుంది.

మేం ఇంటర్ చదివేటప్పుడు వరంగల్ హాస్టల్లో పక్క గదిలో ఒక దోస్తు ఉండేవాడు. దసరా సెలవులకి ఇంటికెళ్ళి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ స్టీలు డబ్బాలో పెద్దకూర తునకలు పెట్టి పంపేది. ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద ఎండలో ఆరేసిన సన్నటి ముక్కలు. మిరపకాయతో వేయించుకుంటే వాసన వరండా అంతా వచ్చేది. మేం ముక్కు మూసుకునేవాళ్ళం. మెస్‌లో అతను కూర్చుంటే మేం బెంచీ మారేవాళ్ళం. ఎవరూ ఏమీ అనేవాళ్ళం కాదు, అనకుండానే లేచేవాళ్ళం. కొన్నాళ్ళకి అతనే ఆ డబ్బా తీసుకుని డాబా మీద నీళ్ళ ట్యాంకు చాటుకి వెళ్ళడం మొదలెట్టాడు.

డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్ళే దారిలో బకీస్ అని పెట్రోలు బంకు ఉంటుంది. సూపర్ మార్కెట్ అంత ఉంటుంది. లోపల ఒక గోడ గోడంతా బీఫ్ జెర్కీ: ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం, సన్నటి ముక్కలు. నేను రకానికొకటి కొని కారు నడుపుతూ నమిలేవాణ్ణి. పెప్పర్ రకం బాగుంటుందని మన పిల్లలకి సిఫారసు చేసేవాణ్ణి. ఆ వాసన నాకు వరండాని గుర్తు చేయలేదు. చేసి ఉంటే కొనేవాణ్ణి కాదేమో. లేక గుర్తొచ్చినా అమెరికా ప్యాకెట్లో ఉంది కాబట్టి పర్వాలేదనుకునేవాణ్ణేమో. రెండోదే అయ్యుంటుంది.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టుకుంటే గొడవలయ్యాయి. ఆ వార్త డాలస్‌లో చదివి, "చదువుకోక వీళ్ళకిదంతా అవసరమా" అన్నాను. ఆ వారాంతం మేం ఎక్కడ భోంచేశామో చెప్పక్కర్లేదు.

ఆ దోస్తు ఇప్పుడు జిల్లాలో టీచరు, మా ఇంటర్ వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు. ఒకసారి పాత ఫోటో ఒకటి, బొమికతో ఉన్న రిబ్‌ఐ, పక్కన నేను, గ్రూపులో పెట్టాను. కింద "మీడియం రేర్, హైదరాబాద్‌లో దొరకదు" అని రాశాను. అందరూ వేళ్ళెత్తారు, చప్పట్లు కొట్టారు. అతను ఒక్క నవ్వుమొహం బొమ్మ పెట్టాడు. నాకు సంతోషమేసింది, వీడికి కూడా నచ్చిందే అని. నీళ్ళ ట్యాంకు గుర్తు రావడానికి నాకు మాదాపూర్‌లో ఆ ముసలి బర్రె ముక్క కావలసి వచ్చింది. తర్వాత అతనికి ఏదో రాద్దామని టైపు చేశాను, కొట్టేశాను. గ్రూపులో అతను నిన్న కూడా గుడ్ మార్నింగ్ పెట్టాడు. నేనూ పెట్టాను.

అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. "అక్కడ అన్నేళ్ళు చికెన్ తిని ఒళ్ళు పాడుచేసుకున్నడు" అని చుట్టాలకి చెబుతుంటుంది.

ఇంత జరిగాక బాగుపడ్డానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మొన్నీమధ్య మా టీములో చేరిన కుర్రాడికి ఎల్-వన్ వీసా వచ్చింది, డాలస్ క్లయింటు దగ్గరికి. క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని, "అన్నా, అక్కడ తిండి సంగతేంటి?" అన్నాడు. అడిగింది అంతే. నేను టిష్యూ కాగితం మీద ఆవు బొమ్మ గీశాను. రిబ్‌ఐ ఎక్కడుంటుంది, స్ట్రిప్ ఎక్కడుంటుంది, టెండర్‌లాయిన్‌కి కొవ్వు ఎందుకు తక్కువ, వెల్ డన్ అని పొరపాటున కూడా ఎందుకనకూడదు. రెండో టిష్యూ తీసి ఊళ్ళ పేర్లు రాశాను. కాఫీ చల్లారిపోయింది. పక్క టేబుల్ వాళ్ళు కూడా వింటున్నారు. కుర్రాడు మర్యాదస్తుడు, చివరిదాకా తలూపాడు. టిష్యూలు రెండూ మడిచి జేబులో పెట్టుకుని, లేస్తూ లేస్తూ అన్నాడు:

"థ్యాంక్సన్నా. నేను వెజ్. ఇర్వింగ్‌లో మన దోసెలు ఎక్కడ బాగుంటయో అడుగుదామనుకున్న."